మొద్దు లెక్క

చిన్న కరెంటు లాగ్ స్ప్లిటర్ అంటే ఇంటి పెరట్లో కట్టెలు చీల్చుకునే మిషన్. పొడవు మీటరుకు అటూ ఇటూ, బరువు 45 నుంచి 50 కిలోలు, ఒక కొసన రెండు చక్రాలు. మధ్యలో ఉక్కు తొట్టి ఉంటుంది. దానికి ఒక చివర బలిసిన ఉలి లాంటి ఇనుప చీల, రెండో చివర మొద్దును ఆ చీల మీదికి తోసే పలక. గోడ ప్లగ్గుకు తగిలిస్తే 1,500 నుంచి 2,200 వాట్ల మోటారు హైడ్రాలిక్ పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను సిలిండర్‌లోకి నెడుతుంది, పిస్టన్ ముందుకు వస్తుంది, మొద్దు చీలుతుంది. అమెరికా, కెనడా, బ్రిటన్, జర్మనీ, స్కాండినేవియా దేశాల్లో చలికాలం కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్ళకు ఇది కొత్త వస్తువేం కాదు. దాని మీద పడిన ముద్ర కూడా పాతదే: ఇది బొమ్మ, కట్టెల పని తెలిసినవాడు కొనేది కాదు.

గట్టి మొద్దు తగిలితే ఆగిపోతుందని ఒకరంటారు. అంతసేపట్లో గొడ్డలితో రెండింతలు కొట్టొచ్చని ఇంకొకరు. కరెంటు దండగ అని మరొకరు. కట్టె చీల్చడానికి కూడా మిషనా అని నవ్వేవాళ్ళకు కొదవే లేదు. వీటిలో మొదటిది సగం నిజం. రెండోది కొందరి విషయంలో నిజం. మూడోది లెక్క వేస్తే నిలవదు. నాలుగోది అసలు వాదనే కాదు, కానీ మిగతా మూడింటికీ వేరు అదే.

ముందు టన్నుల సంగతి. చిన్న మిషన్ పెట్టె మీద 5 టన్నులు అని ఉంటుంది, దుకాణంలో పక్కనే నిలబెట్టిన పెట్రోలు మిషన్ మీద 25 టన్నులు అని ఉంటుంది. తీర్పు అక్కడికక్కడే అయిపోతుంది. ఇక్కడ టన్ను అంటే చీల్చగల మొద్దు బరువు కాదు, రోజుకు చేయగల పనీ కాదు. పిస్టన్ నెట్టగల గరిష్ఠ బలం, అంతే. ఆయిల్ ఒత్తిడి 200 బార్ దాకా వెళ్తుందనుకుంటే, అది కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఎనభై తొంభై రెట్లు. పిస్టన్ ముఖం 25 చదరపు సెంటీమీటర్లు ఉంటే ఆ రెండింటి గుణకారమే 5 టన్నులు. మొద్దు మొండికేసినప్పుడు మాత్రమే ఒత్తిడి అక్కడిదాకా ఎక్కుతుంది. మామూలు మొద్దుకు అంత అవసరం పడదు.

ఎందుకు పడదో చెట్టే చెబుతుంది. కాండం అంటే నిలువునా పేర్చిన సన్నని గొట్టాల కట్ట. ఆ నారల్ని పొడుగునా లాగి తెంపడానికి కావలసిన బలంతో పోలిస్తే, ఒకదాన్నుంచి ఒకదాన్ని పక్కకు విడదీయడానికి కావలసింది పదోవంతు కూడా కాదు. గొడ్డలి బతుకుతున్నది ఆ బలహీనత మీదే, మిషనూ అంతే. 20 సెంటీమీటర్ల మందమున్న యాష్ మొద్దును తొట్టిలో పెట్టి చూస్తే విషయం కళ్ళకు కడుతుంది. పలక నెమ్మదిగా వచ్చి మొద్దును చీలకు ఆనిస్తుంది. మోటారు గొంతు కాస్త బరువెక్కుతుంది. చీల రెండు మూడు సెంటీమీటర్లు దిగేసరికి టప్పుమని ఒక చప్పుడు, మొద్దు ముఖం మీద వెంట్రుకవాసి గీత. ఆ గీత చీల కంటే ముందు పరుగెత్తుతుంది. అక్కణ్ణుంచి మోటారుకు పని లేదు, గొంతు తేలికపడుతుంది, రెండు పేళ్ళు చెరో పక్కకీ ఒరుగుతాయి. 5 టన్నుల్లో ఎంత ఖర్చయింది అన్న ప్రశ్నకు జవాబు ఆ గొంతులోనే ఉంది.

గొడ్డలి దెబ్బతో పోలిక కూడా సరిగ్గా చేయాలి. 3 కిలోల గొడ్డలి తల సెకనుకు 10 మీటర్ల వేగంతో దిగితే దానిలో ఉండే శక్తి 150 జౌళ్ళు. 5 టన్నుల పిస్టన్ 37 సెంటీమీటర్ల దూరం చివరిదాకా పూర్తి బలంతో నెట్టాల్సివస్తే పెట్టగల శక్తి 18,000 జౌళ్ళ పైమాటే, అంటే నూట ఇరవై దెబ్బలు. గొడ్డలికి వేగం ఉంది, దెబ్బ తగిలిన ఆ క్షణంలో పుట్టే బలం పెద్దది, అందుకే తిన్నని మొద్దు ఒక్క దెబ్బకే విచ్చుకుంటుంది. విచ్చుకోనప్పుడు గొడ్డలి అందులో ఇరుక్కుంటుంది. దాన్ని పెరికి తీయడానికే నాలుగు దెబ్బల కాలం పోతుంది. మిషన్ ఇరుక్కున్నా వెనక్కి వస్తుంది. (చీలకు మొద్దు కరుచుకుపోతే దాన్ని సుత్తితో తట్టి ఊడదీయాల్సిన రోజులూ ఉంటాయి. అది అబద్ధం కాదు.)

మొదటి మాటలోని నిజం ఏదంటే, కొన్ని మొద్దులు ఈ మిషన్‌కు లొంగవు. ఎల్మ్ చెట్టు కలప నారలు ఒకదానిలో ఒకటి జడలా అల్లుకుని ఉంటాయి. చీల దిగుతుంది, మొద్దు ఉబ్బుతుంది, నోరు తెరుచుకుంటుంది, లోపల నారలు మాత్రం కొబ్బరి పీచులా అటూ ఇటూ పట్టుకుని వదలవు. స్వీట్‌గమ్ దీ అదే తీరు. కొమ్మ చీలిన చోట, ముడి పడిన చోట ఏ జాతి చెట్టయినా ఇలాగే ఏడిపిస్తుంది. తెలుగు ఊళ్ళలో కట్టెలు కొట్టినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. సరుగుడు దుంగ ముట్టుకుంటే విచ్చుకుంటుంది, చింతమొద్దు గొడ్డలికే ఎదురు తిరుగుతుంది.

కానీ ఇంటి కట్టెల కుప్పలో ఇలాంటివి ఎన్ని? ప్రశ్న అడగాల్సింది అక్కడ. చలి దేశంలో ఇంటికి తోలే కట్టెల్లో ఎక్కువ భాగం బిర్చ్, యాష్, ఓక్, మేపుల్, బీచ్ లాంటివి. పొయ్యి పొడవుకు కోసిన తిన్నని దుంగలు, మందం జానెడు. చిన్న మిషన్ తయారైంది వీటికోసమే. చాలా మోడళ్ళ కొలతలు కూడా అదే చెబుతాయి: 52 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల మందం దాకా. వందలో పది మొద్దులు లొంగవని మిగతా తొంభై చీల్చే మిషన్‌ను పనికిరాదనడం, ఇంట్లో రోజువారీ అన్నానికి పెళ్ళివంటల గుండిగ కొనమన్నట్టు ఉంటుంది. పైగా ఆ గుండిగకు వేరే ఖర్చులున్నాయి. పెట్రోలు మిషన్ బరువు వంద కిలోలు దాటుతుంది, చప్పుడుకు ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు, ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి తలుపులు మూసిన షెడ్డులో దాన్ని నడపడం ప్రాణాంతకం. మంచు కురిసే రోజున గ్యారేజీలో నిలబడి చీల్చుకునే వెసులుబాటు కరెంటు మిషన్‌కే ఉంది.

ఇక వేగం. చేయి తిరిగినవాడు ఒంట్లో సత్తువ ఉన్నంతసేపు గొడ్డలితో మిషన్‌ను ఓడిస్తాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. పిస్టన్ ముందుకు వెళ్ళి వెనక్కి రావడానికి ఇరవై సెకన్లు పట్టొచ్చు, అతను అంతసేపట్లో రెండు దుంగలు పగలగొడతాడు. అయితే ఇల్లు అడిగేది సెకన్ల లెక్క కాదు, చలికాలం లెక్క. పేర్చిన కట్టె 5 ఘనమీటర్లు ఒక ఇంటికి ఏడాదికి కావాలనుకుందాం. పేర్చినప్పుడు మూడోవంతు దాకా ఖాళీలే ఉంటాయి. 33 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న దుంగలైతే ఘనమీటరుకు 65 చొప్పున మొత్తం 325 దుంగలు. ఒక్కోదాన్ని నాలుగు పేళ్ళు చేయడానికి మూడుసార్లు పిస్టన్ రావాలి. అంటే 975 సార్లు. ఒక్కోదానికి 20 సెకన్లు వేసినా అయిదున్నర గంటలు. దుంగలు అందుకోవడానికి, పేళ్ళు అవతల పడేయడానికి ఇంకో అంత కలిపితే పదకొండు గంటలు. రోజుకు రెండు గంటల చొప్పున ఆరు రోజుల్లో ఏడాది కట్టె అయిపోతుంది. ఈ పనికి ఇంకా వేగం ఎందుకో ఆక్షేపించేవాళ్ళు చెప్పాలి.

ఆ ఆరు రోజుల్లో రెండో రోజు పొద్దున భుజం ఎలా ఉంటుందన్నది వేగం లెక్కలోకి రాని విషయం. గొడ్డలి పోటీల్లో గెలిచేది మొదటి గంట. కట్టెల కుప్ప తరిగేది పదో గంటలో. పదో గంటలో ఆ పని ఎవరు చేస్తున్నారన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఒంటరిగా ఉన్న అరవై అయిదేళ్ళ ఆవిడ, నడుం ఆపరేషన్ అయిన మనిషి, చిన్నప్పుడే చేయి విరిగి సరిగా అతకని వ్యక్తి, వీళ్ళందరికీ చలి ఒక్కటే. గొడ్డలి వీళ్ళను మనుషులుగా లెక్కపెట్టదు. 20 కిలోల దుంగను వాళ్ళు మిషన్ మీదికి ఎత్తలేకపోవచ్చు, కానీ 8 కిలోల దుంగను దొర్లించి తొట్టిలో పెట్టగలరు. తర్వాత పని ఆయిల్‌ది.

కరెంటు దండగ అన్న మాటను అంకెలే ఖండిస్తాయి. 1,500 వాట్ల మోటారు పదకొండు గంటలూ ఆగకుండా పూర్తి బరువు మీద తిరిగిందనుకున్నా, నిజానికి అలా తిరగదు, అయ్యేది పదహారున్నర యూనిట్లు. ఆరిన కట్టె కిలో కాలితే వచ్చే వేడి సుమారు 4 యూనిట్లు. అంటే మొత్తం చీల్చడానికి పోయిన కరెంటు 4 కిలోల కట్టె వేడితో సమానం. చీలిన కుప్ప బరువు దాదాపు 2 టన్నులు. బస్తా బియ్యంలో గుప్పెడు గింజలు రాలినట్టు కూడా లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనే సామెతను ఈ మిషన్ మీద విసిరేవాళ్ళున్నారు. ఇక్కడ గోరు మిషనే.

మిగిలింది నవ్వు. దాని వెనక ఉన్నది గొడ్డలి మీద గౌరవం. ఆ గౌరవానికి చరిత్ర ఉంది. 1860 మే నెలలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకాటర్‌లో జరిగిన పార్టీ సభలోకి అబ్రహాం లింకన్ కుర్రతనంలో చీల్చిన కంచె కర్రలంటూ రెండు కర్రలు మోసుకొచ్చారు. ఆ క్షణం నుంచి ఆ లాయరు కర్రలు చీల్చే లింకన్ అయ్యాడు, ఎన్నికల బొమ్మల్లో గొడ్డలి పట్టుకున్నాడు. నూరేళ్ళు దాటాక రోనాల్డ్ రీగన్ కాలిఫోర్నియాలోని తన పశువుల క్షేత్రంలో కట్టెలు కొడుతూ కెమెరాలకు కనిపించేవాడు. నార్వేలో లార్స్ మిట్టింగ్ కట్టెల మీద రాసిన పుస్తకం 2011లో వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. 2013లో అక్కడి ప్రభుత్వ టీవీ కట్టెల మీద పన్నెండు గంటల కార్యక్రమం ప్రసారం చేస్తే, పేర్చేటప్పుడు బెరడు పైకి ఉండాలా కిందికి ఉండాలా అని జనం ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పంపారు. ముచ్చటైన విషయమే. కానీ లింకన్‌కు గొడ్డలి ఓట్లు తెచ్చింది, రీగన్‌కు ఫొటో తెచ్చింది. 

తెలుగువాళ్ళకు ఈ భక్తి సులభంగా అర్థం కాదు, కారణమూ ఉంది. ఇక్కడ కట్టెలు కొట్టడం కూలి. అడితిలో తూకం వేయించుకున్న కట్టెల్ని ఇంటి ముందు పోయిస్తే, గొడ్డలి భుజానేసుకుని వచ్చిన మనిషి ఎండలో కొట్టి, పేళ్ళు పేర్చి, ఇచ్చిన డబ్బులు పంచె కొంగున కట్టుకుని వెళ్ళేవాడు. ఆ పనిలో ధ్యానం, ప్రశాంతత, మగతనం ఉన్నాయని అతనితో ఎవరూ అనలేదు. రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే కట్టె, కొట్టె, తెచ్చె అంటారు. ఆ కూలి మనిషి కథ కూడా ఆ మూడు మాటల్లోనే ఇమిడిపోతుంది, కాకపోతే అతని కట్టె వేరు. శ్రమను అందంగా చూడగలగడానికి ముందు దాన్ని మానేసే వీలుండాలి. సరదాకు గొడ్డలి పట్టేవాళ్ళను ఎవరూ ఆపడం లేదు. ఆ సరదాను అందరికీ కొలబద్దగా నిలబెట్టడమే పేచీ.

ప్రమాదం మాట విడిగా చూడాలి. మిషన్ వేళ్ళు తీస్తుందన్నది నిజమే. గొడ్డలి ముడి మీద జారి పాదం మీదికి వస్తుందన్నదీ నిజమే. తేడా ఏమిటంటే గొడ్డలికి కాపలా పెట్టలేం, మిషన్‌కు పెట్టొచ్చు. యూరప్‌లో లాగ్ స్ప్లిటర్లకు ఈఎన్ 609-1 అనే భద్రతా ప్రమాణం ఉంది. ఇంటి మిషన్లలో కనిపించే రెండు చేతుల కట్టుబాటు ఆ ఆలోచనలోదే: ఒక చేత్తో మోటారు స్విచ్చి, రెండో చేత్తో లివరు నొక్కి ఉంచితేనే పిస్టన్ కదులుతుంది, ఏది వదిలినా ఆగిపోతుంది. రెండు చేతులూ అక్కడే ఉంటే చీల దగ్గరికి వెళ్ళే మూడో చెయ్యి లేదు. మరి వేళ్ళు ఎలా పోతున్నాయి? ఒకరు మొద్దు పట్టుకుంటే ఇంకొకరు లివరు నొక్కినప్పుడు. లివరును తాడుతో కట్టేసి ఒక చెయ్యి ఖాళీ చేసుకున్నప్పుడు. సగం విచ్చుకున్న మొద్దు సందులో పట్టు దొరుకుతుందని వేళ్ళు దూర్చినప్పుడు. ఒక మిషన్‌కు ఒకే మనిషి అన్న నియమం పాటిస్తే ఈ మూడింటిలో మొదటిది ఉండదు, మిగతా రెండూ ఆ మనిషి బుద్ధి మీద ఉన్నాయి. నడుం నొప్పి ఫిర్యాదు మాత్రం న్యాయమైనది. చాలా చిన్న మిషన్లు నేలబారుగా ఉంటాయి, గంటసేపు వంగి పనిచేస్తే గొడ్డలే నయమనిపిస్తుంది. స్టాండుతో వచ్చేది కొనాలి, లేదా గట్టి బల్ల మీద కదలకుండా బిగించుకోవాలి.

కట్టె చీల్చేది ఎందుకన్నది ఈ రగడలో మరుగున పడిపోతోంది. పొయ్యిలో పట్టడానికి మాత్రమే కాదు, ఆరడానికి. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్ళే. బెరడు ఆ నీళ్ళను బయటికి పోనీయదు, చీలితేనే దారి దొరుకుతుంది. కాల్చే కట్టెలో తేమ 20 శాతానికి మించకూడదన్నది స్థిరపడిన లెక్క. ఇంగ్లాండులో 2021 మే 1 నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెకు ఇదే చట్టం. తేమ ఎక్కువుంటే వేడిలో కొంత ఆ నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది, పొగ పెరుగుతుంది, పొగగొట్టం లోపల జిగట మసి పేరుకుని ఏదో ఒక రోజు అంటుకుంటుంది. గొడ్డలితో కొట్టేవాడు అలిసిపోయి దుంగను రెండు ముక్కలు చేసి ఇక చాలు అనుకుంటాడు. మిషన్ దగ్గర కూర్చున్నవాడికి మూడో ముక్క, నాలుగో ముక్క చేయడం ఒక్కోటీ ఇంకో ఇరవై సెకన్ల పని. సన్నని పేళ్ళు తొందరగా ఆరతాయి. గొడ్డలి గొప్పా మిషన్ గొప్పా అన్న తగవులో పొగగొట్టం తరఫున మాట్లాడేవాళ్ళు తక్కువ.

మిషన్ పనికిరాదని తేల్చేసినవాళ్ళలో చాలామంది వాడుక తప్పుల బాధితులు. వైరు సంగతే చూడొచ్చు. ఇంటి లోపలి ప్లగ్గు నుంచి పెరటి కొసదాకా సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు లాగితే దారిలోనే ఓల్టేజీ పడిపోతుంది, మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, ఆగుతుంది. లో ఓల్టేజీకి పొలం మోటార్లు కాలిపోయిన ఊళ్ళలో పుట్టినవాళ్ళకు ఈ జబ్బు కొత్తది కాదు, మందూ కొత్తది కాదు: మందమైన వైరు, వీలైనంత పొట్టిగా. ఆయిల్ ట్యాంకుకు గాలి మర ఒకటి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని కాస్త వదులు చేయాలి, మిషన్‌ను కదిలించే ముందు బిగించాలి. వదులు చేయడం మరిచిపోతే లోపల చిక్కిన గాలి సీళ్ళను తినేస్తుంది, తర్వాత ఆయిల్ కారుతుంది, కొన్నవాళ్ళు కంపెనీని తిడతారు. చలికి గడ్డకట్టినట్టున్న ఆయిల్‌కు కొన్ని నిమిషాలు ఉత్తగా తిరిగే అవకాశం ఇవ్వాలి. మొద్దు కదలకపోతే అయిదు సెకన్లకు మించి నొక్కి పట్టకూడదు. వెనక్కి తీసి, మొద్దును తిప్పి, ముడి చీలకు దూరంగా ఉండేలా ఇంకో వైపు నుంచి పెట్టాలి. దుంగ కొసలు వంకరగా కోసి ఉంటే పలక జారుతుంది, మొద్దు పైకి ఎగురుతుంది. అది రంపం చేసిన తప్పు, శిక్ష మాత్రం స్ప్లిటర్‌కు పడుతుంది.

తెలుగు నేల మీద ఇంటికి ఈ మిషన్ కావాలని ఎవరైనా అంటే అది కూడా ఖండించాల్సిన మాటే. ఇక్కడ వంట గ్యాసు మీదికి మళ్ళింది. కట్టెల పొయ్యి ఇంకా ఉన్న ఇళ్ళలో కాలేది కంప, చితుకులు, పత్తికట్టె, కందికట్టె. వాటికి చీల అక్కర్లేదు, చేతులు చాలు. పెళ్ళివంటల దగ్గర, బిర్యానీ బట్టీల దగ్గర చీల్చిన కట్టె కావాలి గాని, అక్కడ రోజుకు పోయే మొత్తాలు ఈ మిషన్ తూకానికి మించినవి. ఇంటి మిషన్ ఇంటి చలికే.

అయిదు ఘనమీటర్లు చీల్చాక కుప్ప పక్కన ఎప్పుడూ కొన్ని మొద్దులు మిగులుతాయి. చీల గాట్లు రెండు మూడు పడి, నోరు సగం తెరిచి, నారలు వేలాడుతూ ఉంటాయి. వాటిని గొడ్డలికి ఇచ్చినా ఒళ్ళు హూనమే. చెయిన్ రంపంతో నిలువునా రెండు కోతలు పెట్టి మళ్ళీ తొట్టిలో పెడితే కొన్ని లొంగుతాయి. లొంగనివి అలాగే చూరు కింద ఏడాదో రెండేళ్ళో ఆరితే, గట్టి చలి రాత్రి పడుకోబోయే ముందు పెద్ద పొయ్యిలోకి మొద్దుగానే వెళ్తాయి. తెల్లారేదాకా నిప్పు నిలబడడానికి అవే బాగుంటాయి.